కోల్డ్‌స్టోరేజీ తూటాలు

పెద్దకర్మ అయిన మర్నాడు పొద్దున్నే పిన్ని ఫోన్ చేసింది. ఏడుపు గొంతు కాదు. ఇంట్లో ఎక్కడో ఎలక చచ్చింది, వెతికి పారెయ్యాలి అని చెప్పేటప్పుడు ఎట్లా ఉంటుందో అట్లా ఉంది.

"అబ్బాయ్, మీ బాబాయిది ఆ వస్తువు ఉందిగా. మనిషి పోయాక అది ఇంట్లో ఉండకూడదంట. స్టేషన్‌లో ఇచ్చి రావాలి. నాకు దాన్ని ముట్టుకోవాలంటే ఒళ్ళు జలదరిస్తది. నువ్వు రా."

"భయమా పిన్నీ?"

"భయమేంటి నా మొహం. జిడ్డు."

ఆయన నాకు సొంత బాబాయి కాదు. మా ఊళ్ళో నాన్న వయసు వాళ్ళందరూ పెదనాన్నలో బాబాయిలో అవుతారు, తప్పించుకునే దారి లేదు. గుంటూరు మిరపయార్డులో కమీషన్ కొట్టు, నల్లపాడు దాటాక రోడ్డు పక్కన ఒక కోల్డ్‌స్టోరేజీలో వాటా, ఊళ్ళో మేడ, మేడ గేటుకి అటొకటి ఇటొకటి సిమెంటు సింహాలు. ఆ సింహాలు ఎప్పుడూ నోళ్ళు తెరుచుకునే ఉంటాయి, చప్పుడు మాత్రం చెయ్యవు. ఇంటాయనకి తగ్గ సింహాలే.

ఆయన పోయాడని తెలిసినప్పుడు నాకు మొహం గుర్తు రాలేదు. కుడిచెయ్యి గుర్తొచ్చింది. మాట్లాడేటప్పుడు ప్రతి మాట చివరా ఆ చెయ్యి నడుం దగ్గరికి పోయి, లాల్చీ మీదనుంచి ఒకసారి తట్టి వచ్చేది. మనం రాసేటప్పుడు చుక్క పెడతామే, అట్లా. "ఈ ఏడు కాయకి తెగులొచ్చింది." తట్టు. "కాఫీలో పంచదార ఎక్కువైంది." తట్టు. గుళ్ళో హారతి కళ్ళకద్దుకునేటప్పుడు కూడా ఎడమచెయ్యి ఒక్కటే పైకి లేచేది. కుడిచెయ్యి కాపలా డ్యూటీలో ఉండేది.

ఆ లాల్చీ కింద ఉన్నది అరచేతిలో పెట్టి మూసుకుంటే మూతి మాత్రం బయటికి కనపడే బుల్లి విదేశీ పిస్తోలు. ఆయన దాన్ని పిస్తోలు అనడు. పాతకాలపు ఇల్లాలు మొగుడి పేరు ఎట్లా చెప్పదో, ఈయన అట్లా దాని పేరు చెప్పడు. "వస్తువు" అంటాడు. "వస్తువు ఉందిగా, మనకేం భయం." "వస్తువు తీసుకురావడం మర్చిపోయా, పద వెనక్కి." అని అని ఊరంతటికీ అదే పేరు అలవాటైంది.

"మగాడన్నాక నడుముకి కొంచెం బరువుండాలిరా," అనేవాడు నాతో.

మా అమ్మ వంటింట్లోంచి విని, "ఆ బరువేదో నోటికుంటే ఇంకా బాగుండేది," అనేది.

ఇంతకీ ఆయనకి శత్రువులెవరూ లేరు. అదే వచ్చిన చిక్కు. లైసెన్సు కావాలంటే ప్రాణభయం ఉండాలి. తొంభైల చివర్లో సంగతి ఇది. పల్నాటి వైపు నిజంగా ప్రాణభయం ఉన్నవాళ్ళు ఆ భయాన్ని దాచుకుని తిరుగుతుంటే, ఈయన భయం కోసం వెతుక్కుంటూ తిరిగాడు. విచారణకి వచ్చిన ఎస్సై టీకొట్టు దగ్గర కూర్చుని, "ఈయన్ని చంపుతామని ఎవరన్నా అన్నారా?" అని అడిగితే, అక్కడున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఈయన్నా? ఎందుకండీ?" అన్నాడు టీకొట్టాయన. వెటకారం కాదు, నిజంగానే తెలుసుకుందామని.

ఆ దెబ్బకి బాబాయి దర్శిలో ఎరువుల కొట్టు పెట్టుకుని బతుకుతున్న బావమరిదిని పిలిపించాడు. పిన్నికి తమ్ముడు. బస్సులో తన సీట్లో ఎవరన్నా కూర్చుంటే దర్శి దాకా నిలబడి పోయే మనిషి. ఆయనకి బెదిరించడం నేర్పాడు. లుంగీ ఎట్లా ఎగ్గట్టాలి, వేలు ఎట్లా చూపించాలి, అంతా పాఠం చెప్పాడు. ఎస్సై మళ్ళీ వచ్చిన రోజు, అనుకున్న ప్రకారం బావమరిది వీధిలోంచి వచ్చి లుంగీ ఎగ్గట్టి, "బావగారూ, మిమ్మల్ని నరికేస్తానండీ," అన్నాడు.

"అండి తీసెయ్‌రా," అన్నాడు బాబాయి పళ్ళ సందునుంచి.

"నరికేస్తాను బావగారూ."

ఎస్సై మీసం సర్దుకుంటున్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "ఏ విషయంలో అండీ గొడవ?" అని అడిగాడు. బావమరిదికి ఆ పాఠం చెప్పలేదు. కాసేపు ఆలోచించి, "గొడవేం లేదండీ, అక్కయ్యని బాగానే చూసుకుంటారు," అన్నాడు.

అయినా లైసెన్సు వచ్చింది. ఎట్లా వచ్చిందో నన్నడగొద్దు. సిమెంటు సింహాలు పెట్టించుకోగలిగినవాడికి లైసెన్సు ఒక లెక్కా.

వస్తువు కొత్తది కాదు. ఎవరో పాతకాలపు జమీందారు మనవడి దగ్గర కొన్నాడు. ఆ జమీందారు దాంతో పావురాన్ని కొడితే, పావురం వెనక్కి తిరిగి ఎవరది అన్నట్టు చూసి మళ్ళీ గింజలు ఏరుకుందట. ఇది నేను కల్పించిన మాటే. కానీ ఆ జమీందారు దాంతోనే పెద్దపులిని కొట్టాడని బాబాయి చెప్పే కథ కంటే దీంట్లో నిజం ఎక్కువ.

తూటాలకి బెజవాడ వెళ్తూ నన్ను వెంటబెట్టుకెళ్ళాడు. ఆయన కొనేటప్పుడు చూడ్డానికి ఒకడుండాలిగా. తుపాకుల షాపాయన ఓపికగా అంతా చెప్పాడు. పెద్ద తుపాకుల తూటాకి అడుగున నడిమధ్య బొట్టు ఉంటుంది. తుపాకీ లోపలి సూది పోయి ఆ బొట్టు మీద పొడిస్తే పేలుతుంది. ఈ బుల్లి రకానికి బొట్టు లేదు. అడుగున అంచు చుట్టూ, అరిసెకి నువ్వులు అద్దినట్టు, లోపల మందు పల్చగా అద్ది ఉంటుంది. సూది ఆ అంచు మీద ఎక్కడో ఒకచోట పడుతుంది. పడిన చోట మందుంటే ఢాం. లేకపోతే టిక్.

"అందుకని వీటిని జాగ్రత్తగా చూసుకోవాలండీ. చెమ్మ తగలకూడదు. నూనె ఓడకూడదు. పెద్దవాటికంటే ఇవి తొందరగా పాడైపోతాయి," అన్నాడు షాపాయన. "మళ్ళీ తూటాలు కావాలంటే పేల్చినవాటి ఖాళీ గొట్టాలు తెచ్చి చూపించాలి."

"పేలకపోతేనో?" అన్నాను నేను.

"పేలకపోతే మీ దగ్గర ఉన్నట్టేగా. కొత్తవెందుకు?"

బాబాయి ఇవేవీ వినలేదు. గాజు బీరువాలో తన నీడ చూసుకుంటూ, చెయ్యి నడుం మీద ఎంత పైకి పెడితే బాగుంటుందో సరిచూసుకుంటున్నాడు. చెమ్మ, నూనె, రెండే రెండు మాటలు. ఆ రెంటినీ ఎంత భక్తిగా తప్పాడో చెప్తాను వినండి.

ముందు నూనె. బెజవాడ వాళ్ళు అమ్మే తుపాకీ నూనె కంపు కొడుతుందని, వస్తువుకి ఆముదం పట్టించాడు. బండి ఇరుసుకి ఆముదం, పసిపిల్లాడి మాడుకి ఆముదం, వస్తువుకి మాత్రం ఎందుకు పనికిరాదు అని వాదన. మిరపయార్డులో తిరిగే మనిషాయె, ఆ జిడ్డు మీద ఎర్రటి కారం దుమ్ము పేరుకుని, వస్తువు కొన్నాళ్ళకి ఊరబెట్టిన ఉసిరికాయలా తయారైంది. అన్నం తినేముందు దాన్ని తీసి పళ్ళెం పక్కన పెట్టుకునేవాడు. చుట్టాలెవరన్నా పచ్చడనుకుని చెయ్యి చాపితే నా తప్పు కాదు, అనేది పిన్ని.

తర్వాత చెమ్మ. రోహిణీకార్తెలో ఒక రోజు ఆయనకి జ్ఞానోదయమైంది. "ఒరేయ్, మన కోల్డ్‌స్టోరేజీలో కాయ రంగు పోకుండా ఏళ్ళ తరబడి ఉంటుందిగా. ఘాటు కూడా తగ్గదు. తూటాలోనూ ఉన్నది ఘాటేగా?" అన్నాడు. అని, తూటాల పెట్టె పట్టుకెళ్ళి మిరపబస్తాల మధ్య పెట్టించాడు. చలిగదిలోంచి తీసిన బస్తాకి చెమ్మ పడుతుందని, బయట కాసేపు ఆరనివ్వకుండా విప్పితే కాయ బూజెక్కుతుందని మా వైపు పసివాడికి కూడా తెలుసు. "తియ్యగానే విప్పారంటే కాళ్ళిరగ్గొడతా," అని హమాలీల మీద రోజూ అరిచేది కూడా ఈయనే. ఆ అరిచిన నోటితోనే తూటాల పెట్టె తెప్పించుకుని, ఎండలో నిలబడి మూత తీసేవాడు. ఇత్తడి మీద చెమ్మ ముత్యాల్లా పట్టేది. కండువాతో తుడిచి నాకు చూపించేవాడు. "చూశావా, ఎంత తాజాగా ఉన్నాయో."

కాసిని నడుముకి, మిగతావి మళ్ళీ చలిగదిలోకి. మళ్ళీ ఎండలోకి.

ఆ ఏడు దీపావళికి మేడెక్కి, ఊరంతా చూస్తుండగా చెయ్యి ఆకాశంలోకి ఎత్తాడు. టిక్. మళ్ళీ ఎత్తాడు. టిక్. కింద వీధిలో పిల్లలు రీలు తుపాకులతో టపటపలాడిస్తున్నారు. ఊళ్ళో ఉన్న తుపాకులన్నిట్లో ఆ పూట పేలనిది లైసెన్సున్నది ఒక్కటే.

ఇంతవరకైతే నవ్వుకుని ఊరుకునేవాళ్ళం. కానీ ఆ పేలని ముక్కకి కూడా ఆయన పని కల్పించాడు. చలిగదిలో పెట్టిన కాయ రంగు మారిందనో, బస్తా తడిసిందనో రైతు ఎవరన్నా కమీషన్ కొట్టుకి వచ్చి నిలబడితే, ఈయన ఒక్కమాట మాట్లాడడు. వస్తువు తీసి బల్లమీద 'టక్' మని పెడతాడు. పెట్టి, "ఆఁ, చెప్పు," అంటాడు. రైతు చూపు దానిమీద పడుతుంది. "ఏం లేదండీ, ఊరికే చూసి పోదామని," అని చెప్పులు వేసుకుంటాడు. దీపావళి సంగతి తెలిసిన మా ఊరివాళ్ళు కూడా అంతే. ఏమో, ఈసారి పేలితే? నూటికి ఒకసారి పేలే పిస్తోలు కంటే మనిషిని భయపెట్టేది ఇంకోటి లేదు. నమ్మకమైనదానికైతే ఒక లెక్కుంటుంది.

మరి ఆయనకి ధైర్యం ఉందా అంటే, ఎన్నికలొస్తే తెలిసేది. ఎన్నికలు అయిపోయేదాకా లైసెన్సు తుపాకులు స్టేషన్‌లో అప్పజెప్పాలిగా. అందరికంటే ముందు పోయి, పూలమ్ముకునేవాడు బోణీ చేసినంత శ్రద్ధగా అప్పజెప్పి వచ్చేవాడు. వచ్చినప్పటినుంచీ జలుబు. ఊళ్ళో నడవాల్సి వస్తే రోడ్డు నడిమధ్య నడిచేవాడు, ఏ గోడ వారన ఎవరుంటారోనని. చెయ్యి మాత్రం అలవాటు ప్రకారం నడుం మీదికి పోయేది. ఖాళీగా తట్టి, అక్కడేమీ లేదని తెలిసి, దొంగిలించబోయి దొరికినట్టు వెనక్కొచ్చేది. ఫలితాలొచ్చిన మర్నాడు జలుబు పోయేది.

ఇక పత్తి సంగతి.

ఏడుకొండలని మా ఊళ్ళో కౌలు రైతు. సొంతానికి చారెడు నేల లేదు. భార్య కోటమ్మ. అంతకుముందు వరసగా కొన్నేళ్ళు పచ్చపురుగు పత్తిని పూత దగ్గర్నుంచి కాయ దాకా నమిలేసింది. మందు మీద మందు కొడితే పురుగు బలిసిందే గాని చావలేదు. చచ్చింది మనుషులు, అదే మందు తాగి. ఏ ఊరికి పోయినా ఏదో ఒక ఇంటి ముందు టెంటు కనపడే రోజులవి. ఆ ఏడు మాత్రం ఏడుకొండలు చేను తెల్లగా పగిలింది. తీసిన పత్తంతా తెచ్చి ఇంట్లో పోసుకున్నారు. ఉన్నది ఒకటే గది. నేలనుంచి వాసాల దాకా పత్తి. మనుషులు వాకిట్లో పడక. కోటమ్మ పొయ్యిని పక్కింటి దొడ్లోకి మార్చేసింది. ఏడుకొండలు బీడీ కాల్చాలంటే వీధి మలుపు దాకా పోయి కాల్చి, తొక్కి ఆర్పి, చేతులు కడుక్కుని గాని గుమ్మం ముందుకి రాడు. ఆ గది అంటుకుంటే వాళ్ళు మిగలరు. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

ఒక మధ్యాహ్నం కోటమ్మ వాకిలి ఊడుస్తుంటే త్రాచు ఒకటి గడప దాటి పత్తిలోకి పోయింది. ఆమె తోక మాత్రం చూసింది. కేక విని వీధంతా చేరాం. పాములు పట్టే అతని కోసం పక్క ఊరికి సైకిల్ మీద మనిషి పోయాడు. అతనొచ్చేలోపు బాబాయి తెల్లకారు వచ్చింది.

"అందరూ తప్పుకోండి," అన్నాడు దిగుతూనే.

"అయ్యా, పాములతనికి కబురంపామండీ. వచ్చేస్తాడు," అన్నాడు ఏడుకొండలు.

"వాడొచ్చి బూర ఊదేలోపు అది గుడ్లు పెట్టి పొదుగుద్ది. నేనున్నాగా." తట్టు.

ఆ తట్టు చూసేసరికి ఏడుకొండలు చేతులు జోడించాడు. "అయ్యా, పత్తండీ అది."

"పత్తని నాకు తెలీదంట్రా?"

"రవ్వ పడితే..."

"తూటాకి రవ్వేంట్రా. అదేమన్నా చిచ్చుబుడ్డా?"

కోటమ్మ గుమ్మానికి చేతులు రెండూ అడ్డం పెట్టింది. "బాబుగారూ, పాముంటే ఉండనీండి. దాంతోపాటే మేమూ ఉంటాం. మీకు దణ్ణం పెడతా, ఇంటికెళ్ళండి."

"ఆడదానివి, నీకేం తెలుసు. జరుగు."

ఆమెని ఆ చేత్తోనే పక్కకి నెట్టాడు. మేం నిలబడి చూశాం. అక్కడున్నవాళ్ళలో సగంమంది కాయ ఆయన చలిగదిలో ఉంది. చెయ్యి పట్టుకునేవాడెవడు.

వస్తువు బయటికొచ్చింది. సరిగ్గా అప్పుడే పత్తికుప్ప పైనుంచి పాము తల ఎత్తింది. అంత తెలుపు మీద నల్లటి పడగ. మధ్యాహ్నం కునుకు చెడగొట్టిందెవరా అన్నట్టు చూసింది. బాబాయి చెయ్యి చాపాడు. గురిచూసేవాళ్ళు ఒక కన్ను మూస్తారు. ఈయన రెండూ మూశాడు.

టిక్.

వస్తువు పైనున్న రేకు వెనక్కి లాగాడు. పేలని తూటా ఎగిరి పత్తిలో పడింది, చప్పుడు లేకుండా. ఇంకోటి ఎక్కింది.

టిక్.

"పేలకు తల్లీ," అంది కోటమ్మ. గట్టిగా కాదు. పాలు పొంగబోతుంటే ఆడవాళ్ళు లోపల్లోపల అనుకుంటారే, అట్లా. "పేలకమ్మా, నీకు దణ్ణం పెడతా, పేలకు."

పక్కనున్న ముసలమ్మ అందుకుంది. ఆమె పక్కనున్నవాళ్ళు అందుకున్నారు. శ్రీరామనవమికి చందాల దగ్గర కూడా మా వీధి ఒక్కమాట మీద నిలబడలేదు. ఆ మధ్యాహ్నం నిలబడింది. "పేలకు, పేలకు," అంటున్నారు అందరూ. నేనూ అన్నాను.

ఆయన విన్నాడు. వెనకనుంచి చూస్తే చెవులు పండుమిరపకాయల్లా అయినాయి. లాగడం, టిక్. లాగడం, టిక్. లోపలున్నవన్నీ అయిపోయేదాకా. చివరికి పాముకే విసుగొచ్చింది. పడగ దించి, కుప్ప వెనకనుంచి జారి, గోడ అడుగు తూములోంచి దొడ్లోకి, అక్కణ్ణుంచి కంపలోకి పోయింది. దొడ్డివైపు ఉన్నవాళ్ళు, "పోయింది, పోయింది," అని అరిచారు.

బాబాయి కండువాతో మొహం తుడుచుకుంటూ బయటికొచ్చాడు. "చూశారుగా, నన్ను చూసి ఎట్లా పారిపోయిందో."

కోటమ్మ లోపలికి పోయి, బియ్యంలో రాళ్ళేరినట్టు పత్తిలో వేళ్ళుపెట్టి పేలని తూటాలన్నీ ఏరి, కొంగులో పోసి తెచ్చింది. వాటిని ఆయన చేతిలో పోసి, ఆ చేతుల్ని చీరకి తుడుచుకుంది.

అక్కడితో కారెక్కి పోతే బాగుండేది. కానీ జనం చూస్తున్నారుగా. "తప్పు వస్తువుది కాదు. ఆ బెజవాడవాడు చెత్త తూటాలిచ్చాడు. కావాలంటే చూడండి, ఇది ఎన్నిసార్లు కొట్టినా పేలదు," అని, కొంగులోంచి వచ్చిన వాటిలోనే ఒకటి ఎక్కించి, చెయ్యి అటూ ఇటూ ఆడిస్తూ మళ్ళీ నొక్కాడు.

ఢాం.

చెట్లమీద కాకులన్నీ లేచినాయి. తూటా తిన్నగా ఆయన కారు మూతిలోంచి రేడియేటర్లోకి పోయింది. కారు నిలబడ్డచోటే పోసుకుంది.

ఇప్పుడు నవ్వొస్తుంది గాని, అప్పుడు ఒక్కడూ నవ్వలేదు. బెజవాడ షాపాయన చెప్పింది నాకప్పుడు తలకెక్కింది. సూది ఈసారి అంచు మీద వేరే చోట పడింది, అక్కడ మందుంది. అంతే తేడా. అందరి చూపులూ వస్తువు మూతి దగ్గరి పొగనుంచి గుమ్మంలోకి, గుమ్మంలోంచి పత్తిమీదికి పోయినాయి. ఇందాక లోపల 'టిక్' అన్నది ఇదే తూటా. ఏడుకొండలు చెవిమీది బీడీ తీసి నోట్లో పెట్టుకుని, అగ్గిపెట్టె మాత్రం తియ్యలేదు.

ఆ పత్తి అమ్ముకుని వాళ్ళు ఊళ్ళో నిలబడ్డారు.

బాబాయి నోట్లో మాత్రం ఆ సంగతి అప్పటినుంచి పెరుగుతూ పోయింది. మొదట పాము భయపడి పారిపోయింది. సంక్రాంతికల్లా తూటా తోక కోసేసింది. ఆ వేసవిలో దర్శిలో బావమరిది గారింటి పెళ్ళిలో భోజనాల బంతిలో విన్నాను: పాము పడగ మీద కొట్టాడు, అది జంటపాము, రెండోది కారుకింద దూరితే దానికోసమే కారుని కాల్చాల్సి వచ్చింది. నేనూ నాలుగు కథలు అల్లేవాణ్ణే. కానీ అబద్ధానికి కూడా ఒక పాడి ఉంటుంది. ఎవరి పత్తిని తగలబెట్టబోయావో వాళ్ళనే కథలో నీ కాళ్ళమీద పడేసుకోకూడదు. ఈయన పడేసుకున్నాడు. "ఏడుకొండలు కాళ్ళు పట్టుకుని ఏడ్చాడనుకో," అని బూరె కొరికాడు.

దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు ఆయనింట్లో పెద్ద తంతు. వెండిపళ్ళెంలో వస్తువు, చుట్టూ బంతిపూలు, ఫొటోలు తీసే మనిషి, చూడ్డానికి పిలిపించిన మేము. సరిగ్గా హారతివేళకి కోటమ్మ వచ్చింది. తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, చేతిలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ. బాబాయి మొహం విప్పారింది. చూశారా, కృతజ్ఞత అన్నట్టు మావైపు చూసి, కాళ్ళు కొంచెం ముందుకి చాపాడు కూడా.

కోటమ్మ ఆ కాళ్ళు దాటి పళ్ళెం దగ్గరికి పోయింది. మోకాళ్ళమీద కూర్చుని, పసుపు ముద్ద చేసి, పసిపిల్లకి నలుగు పెట్టినట్టు వస్తువంతా మెత్తింది. మూతి దగ్గర ఇంకొంచెం ఎక్కువ కూరింది. కుంకుమ పెట్టింది. దణ్ణం పెట్టుకుని, అందరికీ వినపడేట్టే అంది: "ఆ రోజు పేలకుండా మా కొంప నిలబెట్టావు తల్లీ. ఎప్పుడూ ఇట్లాగే చల్లగా ఉండు."

వెటకారమేమో అని మొహం చూశాను. కాదు. కళ్ళలో నీళ్ళున్నాయి.

పూజ మధ్యలో ఆడమనిషిని కసురుకోకూడదాయె. బాబాయి నోరు తెరిచి అట్లాగే ఉండిపోయాడు, గేటు దగ్గర సింహాలకి అన్నగారిలా. ఫొటోలాయన ఎందుకైనా మంచిదని ఒకటి తీశాడు. పిన్ని లోపలికి పోయి జాకెట్టు ముక్క తెచ్చి, బొట్టుపెట్టి ఇచ్చి, "పై ఏడు కూడా రా కోటమ్మా, నీకోసం ఎదురుచూస్తా," అంది. పిన్ని మొహాన నవ్వు చూడటం నాకదే మొదలు. ఆ తర్వాత ప్రతి దసరాకీ కోటమ్మ వచ్చింది. కమీషన్ కొట్టు బల్ల మీద 'టక్' మని పెట్టినా రైతులు నోరు మూసుకోవడం తగ్గింది. పసుపు బొట్టున్నదాన్ని చూసి ఎవడు భయపడతాడు. కొన్నాళ్ళకి ఆయనే బల్లమీద పెట్టడం మానేశాడు. నడుం తట్టడం మానలేదు.

అదీ మనిషి. పెద్దకర్మ రోజు ఫ్లెక్సీలో కూడా కుడిచెయ్యి నడుం మీదే ఉంది. కోటమ్మ వచ్చింది, ముసలిదైపోయింది. ఫ్లెక్సీకేసి ఒకసారి చూసి, దణ్ణం గిణ్ణం ఏమీ పెట్టకుండా పిన్ని పక్కన కూర్చుని, "అమ్మా, మనిషి సంగతి సరే. అదెక్కడుంది?" అని అడిగింది. రేపు స్టేషన్‌లో ఇచ్చేస్తున్నామని పిన్ని చెప్తే, "అయితే నేనూ వస్తా," అంది.

అందుకని ఆ పొద్దున ఆటోలో ముగ్గురం బయల్దేరాం. పిన్ని, కోటమ్మ, నేను. వస్తువు నా ఒళ్ళో, పాత పాలిథిన్ కవర్లో, పిన్ని ముట్టుకోనందుకు.

"రోజూ తలగడ కింద పెట్టుకునే పడుకునేవాడు," అంది పిన్ని దారిలో, ఎటో చూస్తూ. "దేనికండీ భయం అంటే చెప్పేవాడు కాదు. ఏమీ లేదు చెప్పడానికి. ఊరికే భయం." కొంగు సర్దుకుని, "దుప్పట్లకి ఆముదం మరకలు, ఎంత ఉతికినా పోవు," అంది.

స్టేషన్‌లో హెడ్‌కానిస్టేబుల్ కవరు విప్పి, వస్తువుని బల్లమీద బోర్లించి తట్టాడు. పసుపు రాలింది. మళ్ళీ తట్టాడు. కుంకుమ, ఎండిన బంతిరేకు ఒకటి. వేళ్ళు వాసన చూసుకుని మొహం అదోలా పెట్టాడు.

"ఇదేం పిస్తోలండీ, పూజగదిలా ఉంది. పేలుద్దా అసలు?"

కోటమ్మ ముందుకొచ్చి, మంచి సంబంధం చెప్పేటప్పుడు పిల్ల గుణం చెప్పినట్టు చెప్పింది.

"పేలదు బాబూ. చాలా మంచిది."

చెప్పి, బయట మెట్ల దగ్గరికి పోయి, చెంగులోంచి కొబ్బరికాయ తీసి రాతిమీద కొట్టింది. అది పగిలిన చప్పుడుకి హెడ్‌కానిస్టేబుల్ ఉలిక్కిపడి కుర్చీలోంచి సగం లేచాడు. ఆ ఒక్క ఢాం పక్కన పెడితే, ఆ వస్తువు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఒక్క మనిషి చేత కూడా ఆ పని చేయించలేకపోయింది.

కోటమ్మ లోపలికొచ్చి ఒక చిప్ప ఆయన ముందు పెట్టింది. రెండోది పిస్తోలు ముందు పెట్టి, ఇంకేమీ మిగల్లేదన్నట్టు చేతులు దులుపుకుంది.